పడ్డాక మొదలయ్యే ఆట

ఈరోజు పొద్దున్న రగ్బీ ప్రాక్టీసులో సార్ టాకిల్ నేర్పారు, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లని పట్టి పడగొట్టడం. ఇన్నాళ్లూ పాసింగే సరిపోయింది. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి, లేదంటే పట్టుకుని పరిగెత్తాలి, కాలితో తన్నాలి. చేతికి తగిలి ముందుకు పడిపోయినా సరే, అవతలి జట్టుకి స్క్రమ్ ఇచ్చేస్తారు, అంటే రెండు జట్లవాళ్లూ వంగి భుజాలు ఆనించి నిలబడితే వాళ్లు మధ్యలో బంతి వేసి ఆట మళ్లీ మొదలుపెడతారు. బంతి పట్టుకున్నవాళ్ల చూపు ముందుంటుంది, అందుకోవాల్సినవాళ్లేమో వెనక ఉంటారు. అందుకే మా ప్రాక్టీసంతా "అక్కా, ఎడమ! ఎడమ!" అన్న కేకలతో మోగిపోతూ ఉంటుంది. వెనక నుంచి ఎవరూ పలక్కపోతే బంతి పట్టుకున్నవాళ్లు ఒంటరే.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాటాక పొడి ఇసుక ఎక్కువగా ఉన్న చోటు చూసుకున్నాం. తడి ఇసుక పరుగుకి బాగుంటుంది గానీ పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. మొదట మోకాళ్ల మీదే నేర్పారు. మన భుజం వాళ్ల తొడ పైభాగానికి ఆనాలి, రెండు చేతులూ కాళ్ల చుట్టూ బిగించాలి, మన చెంప వాళ్ల పిరుదుకి అతుక్కుని ఉండాలి. తల మాత్రం వాళ్లకి అడ్డంగా ముందుకు రాకూడదు. వచ్చిందా, వాళ్ల మోకాలో తుంటో నేరుగా మన తలకే తగులుతుంది. సార్ ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, అరచేత్తో తలని పక్కకి జరిపి, చూపు పైకి ఉందో లేదో చూసుకున్నాకే "ఊఁ, ఇప్పుడు పట్టు" అన్నారు. ఇంత మొరటు ఆట అని అందరూ అనుకునేదాన్ని ఇంత జాగ్రత్తగా నేర్పడం చూస్తే నాకు దీని మీద గౌరవం పెరిగింది.

వల భుజాన వేసుకుని పోతున్న పెద్దాయన ఒకరు ఆగి చూశారు. "ఏటమ్మా, చెడుగుడా?" అన్నారు.

"కాదు బాబాయ్, రగ్బీ."

"పట్టేశాక ఔటైపోద్దా?"

ఎంత సరైన ప్రశ్న! చెడుగుడులో కూత ఆగేదాకా పట్టి ఉంచారంటే వెళ్లినవాడి పని అయిపోయినట్టే. ఇక్కడ ఎవరూ ఔట్ కారు. పడగొట్టినవాళ్లు వెంటనే వదిలేసి పక్కకి తప్పుకోవాలి. పడ్డవాళ్లు బంతిని అట్టేపెట్టుకోకూడదు, వెంటనే వదలాలి. ఆ వదలడంలోనే నేర్పంతా ఉంది. పడుతూనే ఒళ్లు మనవాళ్ల వైపుకి తిప్పి, పొడుగ్గా పడుకుని, చేతులు బారెడు చాచి బంతిని మనవాళ్ల పక్కన పెట్టాలి. అప్పుడు బంతికీ అవతలివాళ్లకీ మధ్య మన ఒళ్లంతా అడ్డు ఉంటుంది. ఈలోగా రెండు జట్లవాళ్లూ వచ్చి, నిలబడే, బంతి మీదుగా భుజాలు కలిపి ఒకరినొకరు నెట్టుకుంటారు. అదే రక్. రక్ ఏర్పడ్డాక కొత్తగా ఎవరూ బంతి మీద చెయ్యి వెయ్యకూడదు, కాళ్లతో వెనక్కి లాక్కోవాలి. ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. నేను మొదట్లో వీడియోల్లో దీన్ని ఉత్త తోపులాట అనుకుని ముందుకి జరిపేసేదాన్ని. ఇప్పుడు అక్కడే ఆపి చూస్తున్నాను.

ఆఫీసులో పని మామూలే. మోచేతి మీద గీతలు చూసి ఒకాయన "మనది కాని ఆట మనకెందుకండీ" అన్నారు. కోపం రాలేదు, కలకత్తా కప్ సంగతి చెప్పాను. 1870ల్లో కలకత్తాలో ఇంగ్లీషువాళ్లు ఒక రగ్బీ క్లబ్ పెట్టుకున్నారు. అది నడవక మూసేసినప్పుడు బ్యాంకులో ఉన్న 270 వెండి రూపాయలు తీయించి, కరిగించి కప్పు చేయించారు. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు 1879 నుంచి ఆ కప్పు కోసమే తలపడుతున్నాయి. ఆయన ఫోన్లో ఫొటో వెతుక్కుని మరీ చూశారు.

రాత్రి నాన్నతో కలిసి 2023 ప్రపంచ కప్ ఫైనల్ రికార్డింగ్ పెట్టాను. దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్. మొదటి సగంలోనే న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ టాకిల్ పైకి వెళ్లి అవతలి ఆటగాడి తలకి తగిలింది. ముందు పసుపు కార్డు ఇచ్చారు, తర్వాత దాన్ని ఎరుపు చేశారు. మిగతా ఆటంతా పద్నాలుగు మందితోనే.

"ఫైనల్లో కెప్టెన్నే పంపేశారా?" అని నాన్న లేచి కూర్చున్నారు.

"భుజాల పైన పట్టుకోకూడదు నాన్నా. ఎవరైనా సరే."

దక్షిణాఫ్రికా ఒక్క ట్రై కూడా చెయ్యకుండానే 12-11తో గెలిచింది. ట్రై అంటే అవతలివాళ్ల గోల్ లైన్ దాటి బంతిని నేలకి ఆనించడం, దానికి 5 పాయింట్లు. అవతలివాళ్ల తప్పుకి దొరికిన పెనాల్టీని గోల్‌పోస్టుల మధ్య నుంచి పోయేలా తన్నితే 3. వాళ్లవి నాలుగూ పెనాల్టీలే. న్యూజిలాండ్ ట్రై చేసింది గానీ, దాని వెంట వచ్చే 2 పాయింట్ల కిక్ పక్కకి పోయింది. అదే పడి ఉంటే! నాకు న్యూజిలాండ్ మీదే మనసు పోయింది. ఒక మనిషి తక్కువై అంతసేపు ఆడి, ఒక్క పాయింటుతో ఓడటం చూస్తే గొంతు పట్టేసింది.

పొద్దున్నే ఎడమ భుజంతో టాకిల్. నాకు కుడివైపే అలవాటు కాబట్టి, తొందరగా వెళ్లి మిగతావాళ్లు వచ్చేలోపు సార్‌ని ఒకసారి నా తల ఎటుందో చూడమని అడగాలి.