నొక్కీ నొక్కీ ఆపేసే మందు

మా పిన్ని కూతురు విజయవాడలో ఉంటుంది, మల్టిపుల్ స్క్లీరోసిస్‌కి (ఒంట్లోని రక్షణ కణాలే మెదడు, వెన్నుపాముల్లోని నరాల మీద దాడి చేసే జబ్బు) ఈమధ్యే ఫింగోలిమాడ్ అనే మందు మొదలుపెట్టింది. మొన్న బ్లడ్ రిపోర్ట్ వాట్సాప్‌లో పంపింది. లింఫోసైట్ల (రక్షణ పని చేసే ఒక రకం తెల్లకణాలు) అంకె పక్కన కిందికి బాణం, దాని చుట్టూ తనే పెన్నుతో గీసిన సున్నా. "అక్కా, నా కణాలు చచ్చిపోతున్నాయా?" అని ఒకటే టెన్షన్. నేను గుంటూరులో ఫార్మసీ పిల్లలకు ఫార్మకాలజీ చెబుతాను కాబట్టి ఇంట్లోవాళ్ళ మందుల డౌట్లన్నీ నా దగ్గరికే వస్తాయి.

చావట్లేదమ్మా, లింఫ్ గ్రంథుల్లో ఆగిపోయాయి, అంతే. అసలు ఒంట్లో ఉన్న లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి ఓ 2 శాతమే, రిపోర్ట్‌లో కనబడేది వాటి లెక్కే.

రక్తంలోనూ, ఆ గ్రంథుల గుండా పారే లింఫ్ అనే ద్రవంలోనూ ఎస్1పి అనే కొవ్వు అణువు ఎక్కువగా ఉంటుంది. గ్రంథి లోపల మాత్రం చాలా తక్కువ, ఎందుకంటే అక్కడ లయేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంటుంది. లింఫోసైట్ పైపొర మీదుండే ఎస్1పి1 రిసెప్టర్ (సిగ్నల్‌ని అందుకునే ప్రొటీన్) ఈ తేడాని పసిగడుతుంది, కణం ఎస్1పి ఎక్కువున్న వైపుకి, అంటే బయటికి, దారి పడుతుంది. రక్తంలోకి వచ్చాక జీఆర్‌కే2 అనే ఎంజైమ్ ఆ రిసెప్టర్ తోకకి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది, కణం దాన్ని లోపలికి లాగేసుకుంటుంది. కణం మళ్ళీ ఏదో గ్రంథిలోకి చేరి, చుట్టూ ఎస్1పి తగ్గాక రిసెప్టర్ తిరిగి పైకి వస్తుంది. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడైతే సీడీ69 అనే ప్రొటీన్ ఆ రిసెప్టర్‌ని పట్టుకుని దించేస్తుంది, కణాలు అక్కడే ఉండి పెరగాలి కదా మరి. నాకు భలే నచ్చేది ఇదే, సిగ్నల్ ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, వినే చెవిని బయట ఉంచాలా వద్దా అన్నది కూడా కణమే చూసుకుంటుంది.

ఫింగోలిమాడ్‌కి ఒంట్లో ఫాస్ఫేట్ చేరాక అది అచ్చం ఎస్1పి లాగే వెళ్ళి రిసెప్టర్‌ని ఉత్తేజపరుస్తుంది. ఉత్తేజపరిచే మందు ఆపే పని ఎలా చేస్తుందని క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఎవడో అదే పనిగా కాలింగ్ బెల్ నొక్కుతుంటే ఇంట్లోవాళ్ళు విసిగి వైరు పీకేయరూ, ఇదీ అంతే. ఎస్1పి తగిలితే లోపలికెళ్ళిన రిసెప్టర్ తిరిగి పైకి రాగలదు, మందు తగిలినదానికి మాత్రం యుబిక్విటిన్ అనే, 'ఇది పారేయాలి' అని గుర్తు పెట్టే చిన్న ప్రొటీన్ అంటించి కణమే ముక్కలు చేసేస్తుంది. రిసెప్టర్ లేని లింఫోసైట్‌కి బయటికి దారి తెలియదు, నరాల మీదికి వెళ్ళి దాడి చేసేదీ తగ్గుతుంది.

మొదటి డోసు రోజు ఆస్పత్రిలో 6 గంటలు కూర్చోబెట్టి గంట గంటకీ పల్స్ చూశారని విసుక్కుంది కదా, దానికీ కారణం ఇదే. గుండె కణాల మీద కూడా ఈ రిసెప్టర్లున్నాయి, బెల్ ఇంకా పనిచేస్తున్న ఆ మొదటి కొన్ని గంటల్లో గుండె నెమ్మదిస్తుంది. రోజూ వేసుకుంటూ పోతే అక్కడా రిసెప్టర్లు తగ్గి పల్స్ మామూలుకొస్తుంది. అందుకే, మొదటి నెల దాటాక కూడా 14 రోజులకు మించి గ్యాప్ వస్తే ఇంట్లోనే మళ్ళీ మొదలుపెట్టేయకూడదు, ఆ 6 గంటల కూర్చోవడం మళ్ళీ ఉంటుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఊళ్ళు తిరుగుతూ మాత్రలు మర్చిపోయే మా చెల్లికి ముఖ్యంగా చెప్పింది ఇదే.