నల్లబల్ల స్పీకరు, గజ్జెల చప్పుడు

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచికకి ఏదైనా రాయమని మన క్లాసు మానిటర్ మళ్లీ ఫోన్ చేశాడు. "రెండు పేజీలు చాలు. ఉప్మా సమ్మె మాత్రం వద్దు, ఇప్పటికే నలుగురు రాసి పంపారు" అన్నాడు. ఇంకుబుడ్డి కేసు లడ్డూ రాస్తోందట. చింతచెట్టు పంచాయితీ పెద్దబాబు తీసుకున్నాడు. నాకు మిగిలిందీ, నేను కోరుకున్నదీ మన సైన్సు మాస్టారే. అందులోనూ ఆయన చేసిన నల్లబల్ల స్పీకరు, దానికి ట్వీటర్, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు, బిగించిన ఆ సాయంత్రం.

1984, వార్షికోత్సవానికి ముందు రోజులు. అంతకు ముందేడు అద్దె మైకుసెట్టులో మన కోలాటం ఎలా వినిపించిందో మీకు చెప్పక్కర్లేదు. మాస్టారికి ఆ బాధ ఏడాదంతా పోలేదు. "పిల్లలు అంత కష్టపడి ఆడితే ఒక్క గజ్జె వినపడలేదండీ" అని స్టాఫ్ రూములో అందరితోనూ అనేవారట. చివరికి స్టోరు రూములో కాళ్లు విరిగి పడున్న సెవెన్త్ బి నల్లబల్లని బయటికి తీయించారు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. వడ్రంగి నడిమధ్యన రంధ్రం కోయబోతే ఆపి, ఒక పక్కకి జరిపి గుండ్రం గీశారు. దానికి పది అంగుళాల కాగితం కోన్ స్పీకరు బిగించారు. వెనకాల పెట్టె లేదు, మూత లేదు.

పీటీ మాస్టారు వచ్చి "డబ్బా ఏదండీ?" అనడిగారు. "మీ ఇంట్లో వాల్వు రేడియో వెనక అట్ట చూడండి, అన్నీ చిల్లులే. అది పలకడం లేదా?" అన్నారు మాస్టారు. ఆ తర్వాత మనకి పాఠం. కోన్ ముందువైపు గాలిని నెట్టినప్పుడు వెనకవైపు గాలి పలచబడుతుంది. ఆ రెండూ బల్ల అంచు చుట్టూ తిరిగి కలిశాయంటే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పొడుగు అలలకే ఈ ప్రమాదం ఎక్కువ. 100 హెర్ట్‌జ్ శబ్దానికి అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. కాబట్టి బల్ల ఎంత పెద్దదైతే బేసు, అంటే బరువైన మోత, అంత కిందిదాకా నిలుస్తుంది. రంధ్రం నడిమధ్యన ఉంటే అంచులన్నీ ఇంచుమించు ఒకే దూరంలో ఉండి, దెబ్బంతా ఒకే స్థాయి మీద పడుతుంది. పాలిటెక్నిక్‌లో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఆ వడ్రంగి రంపమే కళ్ల ముందుండేది.

గొంతులు చాలా బాగా పలికాయి. పెట్టె స్పీకర్లలో వచ్చే డొల్ల మోత లేదు. గజ్జెలు మాత్రం మళ్లీ లేవు. ఎదురుగా నిలబడితే కాస్త వినపడేవి, పక్కకి జరిగితే మాయం. 5000 హెర్ట్‌జ్ దగ్గర అల ఏడు సెంటీమీటర్లు కూడా ఉండదు. అంత పెద్ద కోన్ దాన్ని టార్చిలైటులా ఎదురుగా మాత్రమే కొడుతుంది. అంటే పక్క వరసల్లో కూర్చునే మన అమ్మలకీ అమ్మమ్మలకీ ఏమీ అందదు.

మాస్టారు హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో ఎనిమిది ఓముల కోన్ ట్వీటర్ ఒకటి కొనుక్కొచ్చారు. అరచేతిలో ఇమిడిపోయేది, వెనక రేకుతో మూసేసి ఉండేది. నేరుగా కలిపితే బేసుకి మాడిపోతుంది, బేసుని ఆపి సన్నని శబ్దాన్ని మాత్రం వదిలే కండెన్సర్ దారిలో ఉండాలి. ప్లస్, మైనస్ తేడా లేని నాన్ పోలార్ కండెన్సర్ మన ఊళ్లో దొరకలేదు. రేడియో షాపు నుంచి 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్‌లు రెండు తెప్పించి, మైనస్ కాలికి మైనస్ కాలు కలిపారు. సిరీస్‌లో సగమై 5 మైక్రోఫారడ్లు వస్తుంది. స్పీకరైనా అది నల్లబల్లే కదా, సుద్దముక్క తీసుకుని కోన్ పక్కనే లెక్క వేశారు. 1/(2πRC). జవాబు దాదాపు 4000 హెర్ట్‌జ్, ట్వీటర్ పని అక్కణ్ణుంచి పైకి. దాని కింద రెండు గీతలు.

సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చారు. అంతమంది మగపిల్లలు చుట్టూ ఉండగా. "అమ్మాయ్, ముందు తీగని వేడి చెయ్యి. తీగ వేడెక్కితే లెడ్డు దానంతటదే పాకుతుంది" అన్నారు. ముద్దగా ఉన్న లెడ్డు ఒక్కసారిగా మెరిసి, తీగ పోగుల మధ్యలోకి ఇంకిపోయింది. ఐరన్ తీశాక ఊదొద్దని నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ జాయింటు మాస్టారు లాగి చూశారు, ఊడలేదు.

వినడానికి రేడియో పెట్టనివ్వలేదు. మీడియం వేవ్‌లో విజయవాడ కేంద్రం పెడితే ట్వీటర్‌కి పెద్దగా పనే ఉండదు, ఆ పై స్థాయిలు అందులో రావు. మానిటర్ వాళ్ల నాన్నగారు కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డర్, అందులో మన కోలాటం రిహార్సల్ క్యాసెట్. గజ్జెలు గదంతా ఘల్లుమన్నాయి. మనం చప్పట్లు కొట్టాం. మాస్టారు కొట్టలేదు. "ఎక్కువైంది. 'స' వచ్చినప్పుడల్లా ఈల వేస్తోంది, వినండి" అని ట్వీటర్ మోత తగ్గడానికి ఒక రెసిస్టర్ కలిపించారు. ట్వీటర్ తీగలు రెండూ తారుమారు చేయించారు. ఒక వైపు పెడితే గొంతు పీలగా ఉంది, రెండో వైపు నిండుగా ఉంది. నిండుగా ఉన్నదే ఉంచారు.

తర్వాత అందర్నీ గోడవైపు తిరిగి నిలబడమన్నారు. ఆయన వెనక నుంచి ట్వీటర్ తీగ తీస్తారు, తీసినట్టు తెలిసినవాళ్లు చెయ్యెత్తాలి. "ట్వీటర్ మోగుతోందని తెలిసిందంటే అది ఎక్కువైనట్టే. తీసేసినప్పుడు తెలియాలి, ఇందాకటిదాకా ఉందని." మొదట చెయ్యెత్తింది లడ్డూ. మార్కుల్లో ముందుండే మాకెవరికీ పట్టుబడలేదు. ముందు వరసలో ఆడింది తను, తన గజ్జెలు తనకి తెలుసు.

వార్షికోత్సవం రోజు ఆ లెక్క బల్ల మీద అలాగే ఉంది. తుడవబోయిన అటెండర్‌ని మాస్టారు తుడవనివ్వలేదు. మా అమ్మమ్మ పక్క వరసలోనే కూర్చుంది. ఇంటికెళ్లేదాకా గజ్జెల గురించే మాట్లాడింది.

ఆ తర్వాత డిప్లొమా, బీటెక్, ఉద్యోగం, పెళ్లి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) విభాగం హెడ్‌గా రిటైరయ్యాను. నా ల్యాబులో మొదటి జాయింటు ఎప్పుడూ ఆడపిల్లలతోనే వేయించేదాన్ని. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు ఉపగ్రహాల పనిలో ఉంది, సంక్రాంతికి తప్పకుండా ఫోన్ చేస్తుంది. నిజాంపేటలో ఇల్లు కట్టుకున్నప్పుడు హాల్లో ముందు స్పీకర్లకి చోటు గీసి, తర్వాతే సోఫా గురించి ఆలోచించాం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు, పెట్టె లేదు. ఈ మధ్యనే వాటికి ట్వీటర్లు కలిపాను. 4.7 ఓముల రెసిస్టర్ చేరిస్తే లోడు మారి మాస్టారి లెక్క కిందికి జారుతుంది, అందుకని 3.3 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కండెన్సర్ వేశాను. దాదాపు 3800 హెర్ట్‌జ్. వెనక్కి తిరిగి ఇంకో ట్వీటర్ కూడా పెట్టాను. ఇలా పెట్టె లేని స్పీకరు (ఓపెన్ బాఫిల్ అంటారు) అందమంతా వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దంలోనే ఉంది. ముందు ట్వీటర్ వెనక మూసి ఉంటుంది కాబట్టి, అటు పోయే శబ్దంలో గజ్జెలు ఉండవు. మా వారు గోడవైపు తిరిగి నిలబడి చెయ్యెత్తారు, సరిగ్గానే ఎత్తారు.

ఆ పలకలు కారులో వేసుకొస్తున్నాను. పెద్దబాబూ, హాలు ఏర్పాట్లు నీవే కదా, వెనక గోడకీ పలకలకీ మధ్య కనీసం మూడడుగులు వదిలించు, పూలకుండీలు అడ్డం పెట్టించకు. మానిటర్, ఆ క్యాసెట్ అటక మీద ఉందన్నావు. తీసి ఉంచు, నువ్వు మాత్రం వెయ్యకు. టేప్ రికార్డర్ హెడ్డు నేనొచ్చి శుభ్రం చేశాకే వేద్దాం. మాస్టారు వస్తున్నారట. వేదిక మీదే కూర్చోబెట్టేస్తే స్పీకర్లకి వెనకాల అయిపోతారు. దండ వేశాక కిందికి తీసుకొచ్చి, పక్క వరసలో లడ్డూ పక్కన కూర్చోబెట్టండి.