స్పిట్‌ఫైర్: వేడెక్కి ఆగితే మళ్ళీ స్టార్ట్ కావడం లేదు

నా ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ (పాతకాలం బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) హాట్ స్టార్ట్ గోల నన్ను నిద్రపోనిచ్చేలా లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగి తిప్పితే సగం చుట్టుకే అందుకుంటుంది, తిరుపతి నుంచి చంద్రగిరి దాకా ఏ తంటా లేకుండా పోతుంది, కోట దగ్గర టీకి ఆపి కాసేపయ్యాక తిప్పితే మాత్రం స్టార్టర్ తిరుగుతానే ఉంటుంది, ఇంజన్ ఉలకదు పలకదు. ముప్పావుగంట బానెట్ ఎత్తిపెట్టి కూర్చుంటే అదే లేస్తుంది, అప్పటికి చుట్టూ జనం చేరి సెల్ఫీలు, ‘అన్నా ఇది ఎంత పడింది’ అని బేరాలు.

మిగతావన్నీ బానే ఉన్నాయి. సెకండ్ గేర్ సింక్రో రిపేరు పనయిపోయింది, బ్రేకులు ఒక పక్కకి లాగడం లేదు, ముందు ట్రనియన్లకి (చక్రాలు తిరిగే కీళ్ళు) ఈపీ 90 గేర్ ఆయిల్ కొట్టేసినా (అక్కడ గ్రీజు కొట్టేవాళ్ళతో నాకు మాటల్లేవు).

కొత్తగా చదివేవాళ్ళకి, పాకాల వైపు మూతపడిన బెల్లం గానుగ షెడ్డులో టార్పాలిన్ కింద దొరికిన బండి ఇది. ఫ్యాక్టరీ ప్లేట్ మీద నంబర్ ఎఫ్‌సీతో మొదలవుతుంది, మార్క్ 2, 1147 సీసీ. అసలు స్పిట్‌ఫైర్ కథే అట్లాంటిది. ఇటలీ డిజైనర్ మికెలోట్టి గీసిన నమూనా కారు డబ్బుల్లేక ఫ్యాక్టరీ మూలన గుడ్డ కప్పి పడుంటే, 1961లో కంపెనీని కొన్న లేలాండ్ వాళ్ళ కంటబడి 1962లో బయటికొచ్చింది అంటారు. మనకి కలిసొచ్చింది ఏందంటే కింద ఉండేది ట్రయంఫ్ హెరాల్డ్ కారు వంశమే, మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన బండి, అందుకే ముందు సస్పెన్షన్ సామాను సగం చెన్నై పుదుపేటలోనే దొరికింది. చిత్తూరులో హెరాల్డ్‌లు రిపేరు చేసిన పాత మేస్త్రి దీన్ని చూసి ‘హెరాల్డే కద సామీ, గుడ్డలు మార్చుకోనొచ్చింది’ అన్నాడు.

సరే, సమస్యకొస్తా. మొదటి అనుమానం స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ మీద. లూకాస్ కంపెనీ కరెంటు సామాను మీద అందరూ జోకులేస్తారు కానీ నా దాంట్లో ఉండే పాత కాయిల్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు కూడా లావుపాటి నీలం స్పార్క్ ఇస్తా ఉంది. కండెన్సర్ మార్చినా, పాయింట్ గ్యాప్ 0.38 మిల్లీమీటర్లే ఉంది, తేడా లేదు. కాబట్టి కరెంటు కాదు, పెట్రోలే.

ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి కొలిచినా. బయట 41 డిగ్రీలు, వాటర్ గేజ్ మధ్యలోనే. నడిచేటప్పుడు ఫ్లోట్ బౌల్స్ (కార్బురేటర్లలో పెట్రోల్ నిలిచే గిన్నెలు) 48 దగ్గర ఉంటాయి, ఆపిన పది నిమిషాలకి ముందుది 66, వెనకది 72. ఈ ఇంజన్లో ఇన్లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్క, కార్బురేటర్లు సరిగ్గా ఎగ్జాస్ట్ మీద కూర్చుంటాయి, ఫ్యాన్ గాలి ఆగిందంటే వేడంతా పైకే. వెనక బౌల్ మూత తీసి చూస్తే పెట్రోల్ సన్నగా బుడగలు కడతా ఉంది, లెవెల్ 8 మిల్లీమీటర్లు దిగిపోయింది. పంపు ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు 2.1 పీఎస్‌ఐ, వేడిమీద 0.8, ముల్లు వణుకుతా ఉంది, పంపు గాజు గిన్నెలో కూడా బుడగలే. అంటే బౌల్ ఒకటే కాదు, పంపుకి ముందు లైన్లోనే ఆవిరి పడుతోంది అని నా లెక్క.

తర్వాత అనుమానం ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. గాజు సిలిండర్లో 90 మిల్లీలీటర్ల పెట్రోల్, 10 నీళ్ళు పోసి కలిపి పెడితే ఇథనాల్ నీళ్ళలోకి దిగి కింద నీళ్ళ పొర 27 దాకా పెరిగింది, అంటే ఇథనాల్ 17, సుమారు 19 శాతం. ఇథనాల్ మరిగేది 78 డిగ్రీల దగ్గర, కానీ పెట్రోల్లో తేలికగా ఉండేవాటితో కలిస్తే అంతకన్నా తక్కువలోనే ఆవిరైపోతాయి, నా బౌల్ 72 కాబట్టి ఇంక చెప్పేదేముంది. అట్లా కడిగిన పెట్రోల్‌ని ఒక చిన్న సీసాలో పోసి నేరుగా కార్బురేటర్లకి ఇచ్చి అదే వేడిమీద తిప్పితే లేచింది, రవంత సేపు దడదడలాడి సర్దుకుంది. సీసా నుంచి వచ్చింది చల్లటి పెట్రోల్ కూడా కాబట్టి నేరమంతా ఇథనాల్‌దే అనలేను. (కడిగిన పెట్రోల్ పరీక్షకి మాత్రమే, ఆక్టేన్ పడిపోతుంది, ట్యాంకులో పోసుకోవద్దు.) ఒక పాలు మామూలు పెట్రోల్‌కి గాలి బరువులో 14.7 పాళ్ళు కావాలంటే ఈ20కి 13.5 చాలు, ప్లగ్గులు తెల్లగా వస్తా ఉంటే పెట్రోల్ పాలు పెరిగేట్టు కార్బురేటర్ జెట్ నట్లు రెండు ఫ్లాట్లు కిందికి దించినా, ఇప్పుడు ఇటుక రంగు. లాగడం బాగుంది, హాట్ స్టార్ట్‌కి మాత్రం ఏం ఒరగలేదు.

ఒక మిల్లీమీటర్ అల్యూమినియం రేకుతో హీట్ షీల్డ్ కొట్టించి ఎగ్జాస్ట్‌కి 10 మిల్లీమీటర్ల ఎడంగా పెడితే వెనక బౌల్ 64కి దిగింది. 6 మిల్లీమీటర్ల హైలం షీట్ (వేడిని ఆపే గట్టి అట్టలాంటిది) కోసి కార్బురేటర్ కింద స్పేసర్లు వేస్తే 59. స్టడ్లు పొడుగువి కావాల్సొచ్చినాయి, 5/16 ఇంచి యూఎన్ఎఫ్ మర, తిరుపతిలో ఏ షాపులోనూ లేవు, లేత్ మీద తిప్పించుకున్నా. ఆన్‌లైన్లో రెడీమేడ్ స్పేసర్లు అమ్ముతారు, ఆ రేటుకి ఇక్కడ హైలం ఒక మంచం సైజు వస్తుంది. ఇంత చేసినా ఇప్పుడు ఆపిన పది నిమిషాల్లోపు తిప్పితే లేస్తుంది, ఇరవై అయితే మళ్ళీ మొండికేస్తుంది.

వెనక ఎలక్ట్రిక్ పంపు పెట్టెయ్ అని బెంగళూరు మిత్రుడు ఒకటే పోరు. నాకిష్టం లేదు, ఆ టిక్ టిక్ చప్పుడు, పైగా ప్రెషర్ మూడు పీఎస్‌ఐ దాటితే నా ఎస్‌యూ కార్బురేటర్ల నీడిల్ వాల్వ్ నిలవదు. దానికన్నా కార్బురేటర్ల దగ్గర పైపుకి టీ జాయింట్ పెట్టి, ఒక మిల్లీమీటర్ రంధ్రంతో ట్యాంకు ఫిల్లర్ పైపులోకి రిటర్న్ లైను వేస్తా, వేడెక్కిన పెట్రోల్ అక్కడే నిలబడకుండా తిరుగుతా ఉంటుంది. దాంతోపాటు రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేస్తా, పాతవి చేత్తో నలిపితే మసి అంటుతోంది. అది కుదిరితే రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కించి, పైన ఆపి, అరగంట వదిలేసి తిప్పుతా. హుడ్ (మడిచే పైకప్పు) గుడ్డ కుట్టించేది దాని తర్వాతే, చిత్తూరులో సీటు కవర్ల అన్న కొలతలు తీసుకుని ఖాకీ రంగు వెయ్యనా అని అడుగుతా ఉన్నాడు, నల్లదే అని చెప్పినా. ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ నింపాదిగా తిరిగేట్టు చేసే అదనపు గేరు) మీద కూడా మనసు పోతోంది కానీ ధర చూసి ప్రస్తుతానికి ఆ మాట ఇంట్లో ఎత్తలేదు.

ఎవరి దగ్గరైనా ఎస్‌యూ హెచ్ఎస్2 కార్బురేటర్లకి సరిపోయే ఒరిజినల్ హీట్ షీల్డ్ ఉంటే అట్టముక్క మీద పెట్టి గీసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపండి. నాది చేత్తో కొట్టింది, వెనక బౌల్ కింద ఒక మూల ఎగ్జాస్ట్‌కి మరీ దగ్గరగా వస్తా ఉంది.