తెలిసిన హోటల్లో తెలియని వంటకాలు

కొత్త రుచి చూడాలన్న కోరిక పుట్టగానే చాలామంది కొత్త హోటలు వెతుక్కుంటారు. ఎన్నడూ తినని వంటకాన్ని తినదలచుకుంటే బాగా అలవాటైన చోటికే వెళ్లాలని నేనంటాను. ఎరగని చోట ఎరగని వంటకం నచ్చకపోతే, లోపం వంటకానిదా, వండినవారి చేతిదా, మన నాలుకదా అన్నది ఎంతకీ తేలదు. నమ్మిన వంటవాడి దగ్గర ఆ చిక్కు ఉండదు. చేయి మంచిదని ముందే తెలుసు కనుక, తేల్చుకోవలసినదల్లా మనకూ ఆ వంటకానికీ మధ్యనే ఉంటుంది.

మేముండేది టోక్యోలోని ఎదొగవా వార్డులో, నిషి కసాయ్ స్టేషనుకు దగ్గరలో. 2000వ సంవత్సరం ప్రాంతం నుంచి మన దేశపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువగా చేరిన పేట ఇది కాబట్టి ఇడ్లీ, దోసె, బిర్యానీ, కందిపప్పు, కరివేపాకు దేనికీ లోటు లేదు. ఇంటి తిండి ఇంట్లోనూ వీధిలోనూ దొరుకుతున్నప్పుడు, జపాను వారి హోటలుకు వెళ్లి కూడా మన రుచినే వెతుక్కోవడంలో అర్థం లేదు. నేను ఎప్పుడూ వెళ్లే ఇజకాయా, అంటే తాగుతూ చిరుతిళ్లు తినే చిన్న హోటలు, ఒక సందులో ఉంటుంది. భార్యాభర్తలిద్దరే నడుపుతారు. వంటగదికి ఎదురుగా పొడవాటి చెక్కబల్ల, దాని ముందు కొన్ని కుర్చీలు, వెనక రెండు చిన్న బల్లలు, అంతే. వంట చేసే ఆయనను అందరూ తాయిషో (యజమాని) అని, ఆమెను ఒకామిసాన్ (యజమానురాలు) అని పిలుస్తారు. నేనూ అలాగే పిలుస్తాను.

చాలాకాలం నా భోజనం మారలేదు. ఉప్పు రాసి నిప్పు సెగపై కాల్చిన సాబా చేప, అగెదాషి టోఫు, చివర ఒక ఒనిగిరి అనే అన్నం ముద్ద. సాబా మన కానాగంతల జాతిదే కావడం వల్ల, కాకినాడలో పెరిగిన నాలుకకు అది పరాయిదనిపించలేదు. బంగాళాదుంప పిండి పూసి నూనెలో వేయించిన టోఫును వేడి పులుసులో పెట్టిస్తారు కనుక అదీ సులువుగానే లోపలికి పోయింది. గోడకు వేలాడే నల్లబల్ల మీద తాయిషో ఏ పూటకాపూట రాసే వంటకాల జోలికి నేను పోలేదు. ఆ చేతిరాత నాకే కాదు, ఫోనులోని అనువాద యాప్‌కు కూడా అంతుపట్టదు.

కొత్త వంటకాలు నా దగ్గరికి ఒతోషి దారిలో వచ్చాయి. ఇజకాయాలో కూర్చోగానే, మనం అడగకుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో ఒకటి తెచ్చి ముందు పెడతారు. దానికి మామూలుగా 300 నుంచి 500 యెన్ల వరకు బిల్లులో కలుపుతారు. కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది, అడగనిదానికి డబ్బులేమిటని గొడవపడినవారినీ చూశాను. నేను మాత్రం ఒతోషి పక్షమే. మనం ఎంచుకునే అవకాశం ఉంటే ఎన్నటికీ ఎంచుకోని పదార్థం మన ముందుకు రావడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి లేదు. పైగా గిన్నె రెండు మూడు ముద్దలకు మించి ఉండదు కాబట్టి, నచ్చకపోయినా నష్టం లేదు.

అలా ఒక ఏప్రిల్‌లో వచ్చినది వెదురు కొమ్ము. మారేడుమిల్లి, అరకు వైపు వెదురు కొమ్ముల కూర తింటారని విన్నానే గాని, నేను తిన్నది మొదట టోక్యోలోనే. నేలలోంచి తవ్విన క్షణం నుంచే వెదురు కొమ్ములో కసరు పెరుగుతూ పోతుందట. అందుకే కొనుక్కొచ్చిన రోజే, పైతొక్క తీయకుండా, నీళ్లలో తవుడూ ఎండుమిర్చీ వేసి బాగా ఉడికించి, ఆ నీళ్లలోనే చల్లారనిస్తారు. ఇంత సున్నితమైన వంటలో ఎండుమిర్చికి చోటుందని తెలిసి నాకు లోలోపల కొంత గర్వం కూడా కలిగింది, అయితే ఆ మిర్చి కసరు తీసి వెళ్లిపోతుంది తప్ప కారం వదలదు. తరువాత ఆ ముక్కలను దాషీ అనే పులుసులో వకామే అనే సముద్రపు ఆకుతో కలిపి సన్నసెగ మీద ఉడికిస్తారు. వడ్డించే ముందు ఒకామిసాన్ సాన్షో చెట్టు లేతరెమ్మను ఎడమ అరచేతిలో పెట్టి, కుడిచేత్తో ఒక్కసారి చప్పట్లు కొట్టినట్టు చరిచి, ముక్కల పైన ఉంచింది. ఆ దెబ్బతో నిమ్మతొక్కనూ మిరియాన్నీ కలిపినట్టుండే వాసన బల్ల పొడవునా పాకింది. ఆకు నమిలితే కారం ఉండదు, నాలుక చివర కాస్త తిమ్మిరెక్కుతుంది.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నాకు అలవాటైన మూడింటిలో ఒకటి మానేసి, ఆ స్థానంలో నల్లబల్ల మీది వంటకం ఒకటి అడుగుతాను. ఏదన్నది తాయిషోకే వదిలేస్తాను, ఎందుకంటే తెల్లవారుజామున తొయొసు మార్కెట్టుకు వెళ్లి సరుకు తెచ్చినవారికి ఆ రోజు ఏది బాగుందో నాకన్నా తెలుసు.

మొదటగా ఆయన పెట్టినది చవాన్ముషి, మూత ఉన్న పింగాణీ కప్పులో ఆవిరిపై ఉడికించిన గుడ్డు వంటకం. గుడ్డుకు సుమారు మూడింతల దాషీ కలిపి, వడకట్టి, రొయ్య, పుట్టగొడుగు, గింకో గింజ వేసి సన్నటి ఆవిరిపై ఉంచుతారు. సెగ ఏమాత్రం ఎక్కువైనా లోపల బుడగలు పుట్టి తూట్లు పడతాయి. చూడడానికి అచ్చం తీపి పుడ్డింగులా ఉండడంతో నోరు తీపికి సిద్ధపడుతుంది, వచ్చేది ఉప్పు. మొదటి చెంచా ఆ తికమకలోనే పోయింది. రెండో చెంచాకు, ఇందులో రుచంతా గుడ్డుది కాదనీ, గుడ్డు మోస్తున్న నీటిదనీ అర్థమైంది.

ఆ నీరే దాషీ. జపాను వంట చప్పగా ఉంటుందని మనవాళ్లు తీర్పు చెప్పేటప్పుడు లెక్కలోకి తీసుకోనిది దీన్నే. కొంబు అనే సముద్రపు నాచును నీళ్లలో మెల్లగా వేడిచేసి, మరగకముందే తీసేసి, ఉడికించి పొగబెట్టి నెలల తరబడి ఎండబెట్టిన కత్సువో చేప చెక్కుల్ని అందులో వేసి, పిండకుండా వడకడతారు. 1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఇకెదా కికునాయె కొంబులోని రుచికి కారణం గ్లుటామేట్ అనే పదార్థమని కనిపెట్టి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. ఎండుచేప రుచికి కారణం ఇనోసినేట్ అనే మరో పదార్థమన్న సంగతి 1913లో ఆయన శిష్యుడు కొదామా షింతారో తేల్చారు. ఈ రెండూ కలిసినప్పుడు రుచి కూడికలా కాక, హెచ్చవేతలా పెరుగుతుంది. చింతపండు, కారం, తాలింపు మూడూ లేకుండా పులుసు నిలబడగలదని ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. మొదట్లో ప్రతిదానిమీదా షిచిమి కారప్పొడి చల్లుకునేవాణ్ణి, తాయిషో ఏమీ అనేవారు కాదు గాని ఆ సీసా క్రమంగా నా చేతికి అందనంత దూరం జరుగుతూ వచ్చింది.

శాకాహారులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. టోఫు అనీ పాలకూర అనీ వంకాయ అనీ చూసి నిశ్చింతగా తెప్పించుకోకూడదు, వాటి కింద పోసే పులుసులో దాదాపు ఎప్పుడూ ఎండుచేప ఉంటుంది. బౌద్ధ ఆలయాల షోజిన్ వంటలో మాత్రం కొంబు, ఎండబెట్టిన షీతాకే పుట్టగొడుగులతోనే దాషీ చేస్తారు. మా అమ్మ వచ్చినప్పుడు ముందురోజే చెబితే, తాయిషో ఆమె కోసం విడిగా ఆ దాషీ కాచి, నువ్వుల టోఫు చేసి పెట్టారు. అమ్మకు అందులో నువ్వుల వాసన తప్ప మరేదీ నచ్చలేదు. అయినా గిన్నె ఖాళీ చేసింది.

శరదృతువులో సన్మా వస్తుంది. కత్తిలా సన్నగా, పొడవుగా, వెండిలా మెరిసే ఈ చేపను పొట్ట చీల్చకుండా, తలా తోకా ఉంచేసి, ఉప్పు చల్లి కాలుస్తారు. పక్కన తురిమిన ముల్లంగి, సుదాచి అనే నిమ్మజాతి కాయ ముక్క పెడతారు. సన్మాకు జీర్ణాశయం ఉండదు కనుక తిన్నది లోపల నిలవదు, అందుకే పేగులతో సహా తినడం ఆనవాయితీ. చేప పొట్ట శుభ్రం చేయడంలో రాజీ ఎరగని ఇంట్లో పుట్టినవాడికి ఇది చిన్న పరీక్ష కాదు. పక్క కుర్చీలో కూర్చునే ఒక పెద్దాయన తినే పద్ధతి చూపించారు. చేప నడుముగీత వెంట చాప్‌స్టిక్ కొనతో మెడ నుంచి తోకదాకా ఒక గాటు పెట్టి, పై సగాన్ని వీపువైపు, కింద సగాన్ని పొట్టవైపు విప్పి తినాలి. పైది అయిపోయాక చేపను తిరగేయకుండా, వెన్నుముల్లును తోక దగ్గర పట్టి లేపితే తలతో సహా ఊడివస్తుంది. మన చేయి అలవాటుగా చేసే పనిని రెండు పుల్లలతో అంత శుభ్రంగా చేయవచ్చని నేను అనుకోలేదు. పేగుల దగ్గర చేదు గట్టిగానే తగులుతుంది, దాన్ని ముల్లంగి తురుముతో కలిపి తింటే కొవ్వు బరువును ఆ చేదే కోసేస్తుంది. కాకరకాయలో చేదంతా ఉప్పుతో పిండేసే వంటకన్నా, చేదును చేదుగానే ఉంచి జత చూసి పెట్టే ఈ వంట నాకు ఇప్పుడు ఎక్కువ నచ్చుతోంది. ఈ మధ్య సంవత్సరాలలో సన్మా పట్టుబడి బాగా పడిపోయి ధర పెరిగింది కాబట్టి, ఒకప్పుడు సామాన్యుల చేపగా పేరున్న దాన్ని తాయిషో ఇప్పుడు కాస్త మొహమాటంగా బిల్లులో రాస్తారు.

అన్నిటికన్నా వెనకాడినది షిరాకో దగ్గర. చలికాలంలో వచ్చే కాడ్ చేపలో, మగదాని వీర్యగ్రంథి అది. తెల్లగా మడతలు మడతలుగా, మేక మెదడు వండినవారు వెంటనే గుర్తుపట్టే రూపంలో ఉంటుంది. అదేమిటో ముందు చెప్పమంటారా, తిన్నాక చెప్పమంటారా అని తాయిషో అడిగారు. ముందే చెప్పమన్నాను. చెప్పాక ఇంకొక చోటనైతే కచ్చితంగా వద్దనేవాణ్ణి. క్షణకాలం వేడినీళ్లలో ముంచి తీసి, పోన్జు అనే పుల్లటి సోయా సాస్ పోసి, మిరపకాయతో కలిపి తురిమిన ఎర్రటి ముల్లంగి, ఉల్లికాడలు వేసి ఇచ్చారు. పైన పలచటి పొర తెగగానే లోపలిది మీగడలా కరిగిపోయింది, నీచు వాసన ఊసే లేదు. దీనికి సరుకు తాజాదనమే ప్రాణమనీ, ఒక పూట ఆలస్యమైనా వాసన పట్టేస్తుందనీ ఆయన చెప్పారు. అందుకే ఇది తెలియని చోట తినకూడని వంటకం.

కొన్నిటికి ఇంత కథ లేదు. ఒకినావా వారి గోయా చంపురు మన కాకరకాయే, టోఫు, గుడ్డు, పంది మాంసంతో వేయించినది, మొదటిసారే నచ్చింది. చామదుంపల సాతోఇమో ఉడకేసినదీ అంతే.

నచ్చనివీ ఉన్నాయి. నత్తో నాకు ఎక్కలేదు. పులిసిన సోయా గింజల తీగలు సాగడం నాకు ఇబ్బంది కాదు, బెండకాయ తిని పెరిగినవాణ్ణి, ఆ వాసనతోనే పేచీ. స్క్విడ్‌ను దాని కాలేయంతోనే ఉప్పులో ఊరవేసే షియొకారా కూడా సగంలో వదిలేశాను. తాయిషో నొచ్చుకోలేదు, గిన్నె తీసేసి, అది సాకే అనే బియ్యపు మద్యం తాగేవారి తిండి, టీ తాగేవారిది కాదని నవ్వారు. ఆ రోజు దాన్ని బిల్లులో వేయలేదు కూడా. ఇప్పుడు నల్లబల్ల మీద లేకపోయినా నేను అడిగి పెట్టినది అయు అనే నదిచేప. జూన్ ప్రాంతంలో నదుల్లో దాని వేట తెరుస్తారు, ఉప్పు అద్ది, ఈదుతున్నట్టు వంచి పుల్లకు గుచ్చి కాలుస్తారు, చిన్నదైతే తలతో సహా తినేస్తారట. కాస్త దొరికితే నా కోసం రెండు పక్కన పెడతానని ఒకామిసాన్ అన్నది.