పార్క్ జీ-సంగ్ పరుగుల పటాలు: తొమ్మిదో వారం

మొదలుపెట్టినప్పుడు ఆరు మ్యాచ్‌లు గీసేద్దామనుకున్నాను. తొమ్మిది వారాలకి అయినవి ఒకటిన్నర. ఆఫీసు, కరెంటు, సోమరితనం, మూడింటికీ వాటా ఉంది.

పని చిన్నదే. దక్షిణ కొరియా ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ పార్క్ జీ-సంగ్ ఆడిన పాత మ్యాచ్‌ల రికార్డింగులు పెట్టుకుని, అతను మైదానంలో ఎటు తిరిగాడో గ్రాఫ్ కాగితం మీద గీయడం. మాంచెస్టర్ యునైటెడ్‌లో 7 సీజన్లు, 205 మ్యాచ్‌లు, 27 గోల్స్. ఈ అంకెలు చూస్తే మామూలు ఆటగాడే అనిపిస్తాడు. మరి అలుపు లేకుండా పరిగెత్తుతాడని వచ్చిన ‘మూడు ఊపిరితిత్తుల పార్క్’ అన్న పేరు ఊరికే రాలేదు కదా. కాళ్ల జాడ పట్టుకుంటే తెలుస్తుందేమోనని నా ఆశ.

ఎవరైనా గీయాలనుకుంటే కొలతలివి. మైదానం 105 మీటర్ల పొడవు, 68 వెడల్పు. మీటరుకి 2 మిల్లీమీటర్లు వేసుకుంటే 210 × 136 మిల్లీమీటర్లు, ఏ4 గ్రాఫ్ షీటు అడ్డంగా పెడితే హాయిగా పడుతుంది. పెనాల్టీ బాక్స్ లోతు 33, సెంటర్ సర్కిల్‌కి కంపాస్ 18 దగ్గర కొంచెం దాటించి పెట్టాలి. పెన్సిల్ 0.5 దే వాడండి. మామూలు పెన్సిల్‌తో గీస్తే గీత మందమే మైదానంలో అర మీటరు తినేస్తుంది.

మొదటి మ్యాచ్ 2002 ప్రపంచకప్‌లోది, జూన్ 14, కొరియాలోని ఇంచియాన్‌లో పోర్చుగల్‌తో. పార్క్ కుడివైపు ఆడాడు. పెన్సిల్ ఎత్తకుండా అతని వెంట గీసుకుంటూ పోయాను. ఇరవై నిమిషాలకే కాగితం పిచ్చుకగూడైంది. అమ్మ కాఫీ ఇవ్వడానికి వచ్చి చూసి, “ఏంట్రా ఇది, మెలికల ముగ్గా? చుక్కలేవీ?” అంది. నవ్వేసి ఊరుకున్నాను గానీ రాత్రి పడుకున్నాక వెలిగింది. చుక్కలే కదా కావాల్సింది!

అప్పటినుంచి పద్ధతి మార్చాను. 15 సెకన్లకోసారి వీడియో ఆపుతాను, అతనున్న చోట చుక్క పెడతాను. నిమిషానికి నాలుగు, సగానికి 180. ప్రతి ఐదో నిమిషం చుక్క పక్కన అంకె వేస్తాను. గీతలు చివర్లో. ఒక సగానికి మూడు రాత్రులు పడుతోంది.

రెండో సగంలో ఘోరమైన తప్పు చేశాను. జట్లు వైపులు మారతాయన్న సంగతి మరిచిపోయి 64వ నిమిషం దాకా పెట్టుకుపోయాను. కుడివైపు మనిషి ఎడమ గీత మీద తిరుగుతున్నాడేంటా అని అప్పుడు తట్టింది. ఇప్పుడు విరామం రాగానే మొదట చేసే పని షీటును గిర్రున తిప్పి పెట్టుకోవడం.

అసలు తలనొప్పి కెమెరాతో. కెమెరా బంతి వెంట పోతుంది, మన మనిషి పని చాలావరకు బంతి లేని చోట. అందుకే కనిపిస్తే నిండు చుక్క, తెరలో లేకపోతే అంచనాగా బోలు చుక్క. పోర్చుగల్ షీటు నిండా బోలు చుక్కలే. 70వ నిమిషం దగ్గర మాత్రం నిండు చుక్క: ఎడమనుంచి తోటి ఆటగాడు లీ యంగ్-ప్యో వేసిన బంతిని ఛాతీతో దించుకుని, కుడి కాలితో పోర్చుగల్ ఆటగాడు కాన్సేసావో మీదుగా లేపి, నేల తాకకుండానే ఎడమ కాలితో గోల్ కొట్టాడు. నా స్కేలు మీద ఆ మొత్తం వ్యవహారం గోరంత చోటు కూడా పట్టలేదు. తర్వాత కోచ్ హిడ్డింక్ దగ్గరికి పరిగెత్తిన దారి పొడవే ఎక్కువ. నియమానికి విరుద్ధమైనా దాన్నీ గీశాను.

నోట్‌బుక్‌లో ఒక షీటు మీద మైదానం మాత్రమే ఉంది, చుక్కలు లేవు. 2008 మే 21, మాస్కో, ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్. బార్సిలోనాతో సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లూ ఆడిన మనిషిని ఫైనల్‌కి సబ్‌స్టిట్యూట్ల జాబితాలో కూడా పెట్టలేదు. యునైటెడ్ గెలిచింది. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. మరుసటేడు రోమ్‌లో ఫైనల్ ఆడించారు, అదీ గీయాలి.

ఇప్పుడు చేతిలో ఉన్నది 2010 మార్చి 10, యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, ఇటలీ క్లబ్ ఏసీ మిలాన్‌తో. ఆ రోజు పార్క్‌ని మధ్యలో పెట్టి మిలాన్ మిడ్‌ఫీల్డర్ పిర్లోని వదలొద్దన్నారు. పిర్లో చుక్కలు వేరే ట్రేసింగ్ పేపర్ మీద పెట్టి షీటు మీద పరుస్తున్నాను. సెల్లోటేపు వద్దు, పీకేటప్పుడు గ్రాఫ్ గళ్లు ఊడొచ్చాయి. క్లిప్పులు చాలు. ఈ షీటులో నిండు చుక్కలే ఎక్కువ. కారణం ఆలోచిస్తే నవ్వొచ్చింది: మిలాన్ బంతి పిర్లో చుట్టూ తిరుగుతుంది, కెమెరా బంతిని చూస్తుంది, పార్క్ పిర్లోని చూస్తున్నాడు.

నేననుకున్నట్టు మైదానమంతా చుట్టేసిన గీతలు రాలేదు. సెంటర్ సర్కిల్ దాపుల్లో చిన్న చిన్న ముడులు. రెండడుగులు అటు, ఆగడం, మూడడుగులు ఇటు. నిలబడి చేసిన కాపలా చాలా ఉంది ఇందులో. 2003లో నెదర్లాండ్స్ క్లబ్ పీఎస్‌వీకి వెళ్లిన కొత్తలోనే ఆపరేషన్ చేయించుకున్న మోకాలు, 2014లో ఆట మాన్పించిన మోకాలు. ఇలా ఆగడం, మళ్లీ తిరగడం దానిమీద ఎంత భారమో ఈ ముడులు గీస్తుంటే అనిపించింది.

తర్వాతి వంతు 2005 మే 4, పీఎస్‌వీ 3, మిలాన్ 1. 9వ నిమిషంలోనే పార్క్ గోల్ ఉంది, కాబట్టి మొదట్లోనే మెలకువగా ఉండాలి. అంతకుముందు జపాన్‌లో క్యోటో క్లబ్‌కి ఆడిన రోజుల మ్యాచ్ పూర్తి రికార్డింగ్ ఒక్కటీ ఇంకా దొరకలేదు.

నిన్న రాత్రి ఓల్డ్ ట్రాఫర్డ్ మ్యాచ్‌ని 59వ నిమిషం దగ్గర ఆపాను. యునైటెడ్ ఆటగాడు స్కోల్స్ పాస్, పార్క్ గోల్. అది సరిగ్గా రెండు చుక్కల నడుమ పడింది, పద్ధతి ప్రకారం కాగితం మీదికి రాదు. ఎర్ర పెన్సిల్ ఎక్కడో ఉండాలి, వెతకాలి.