బియ్యం సంచి మీద లెక్కలు

ముంబై నుంచి అడిస్ అబాబా మీదుగా రువాండా రాజధాని కిగాలి చేరేసరికి మధ్యాహ్నమైంది. విమానాశ్రయంలోనే నా సామానులోని ప్లాస్టిక్ సంచులు తీసేయించారు. రువాండాలో 2008 నుంచే వాటిపై నిషేధం. ఊరంతా కొండలే. ఏ వీధిలో నడిచినా ఎక్కడమో దిగడమో.

ఉపాధ్యాయ విద్యపై అంతర్జాతీయ సదస్సు మూడు రోజులు. ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో గణిత బోధన చెప్పే నాకు అక్కడ ఎక్కువగా వినబడిన ప్రశ్న ఒక్కటే: తాను చదువుకోని భాషలో మాస్టారు పాఠం ఎలా చెప్పాలి? ఆఫ్రికాలో చాలా దేశాలది ఇదే బాధ. రువాండాకు అది మరీ ఎక్కువ. 1994 మారణహోమంలో ఎందరో ఉపాధ్యాయులను పోగొట్టుకున్న దేశం. ఉన్నవారిలో ఎక్కువమంది ఫ్రెంచిలో చదువుకున్నవారు. 2008లో ఇంగ్లీషును బోధనా మాధ్యమం చేశారు. తర్వాత మొదటి మూడు తరగతులకు అక్కడి ఇంటి భాష కిన్యర్వాండా వచ్చింది. 2019లో అక్కడా ఇంగ్లీషే అన్నారు.

రెండో రోజు ఊరి శివార్లలోని ప్రాథమిక బడికి తీసుకెళ్లారు. రెండో తరగతి గది. చార్టులకు బదులు గోడల నిండా విప్పదీసిన తెల్లని బియ్యం సంచులు. వాటి మీద రంగులతో అంకెలు, ఆవు, అరటిచెట్టు. చినగవు, తడిసినా పాడవవు. టీచరమ్మ సోడా మూతలు పంచి, ఏడుకు నాలుగు కలిపితే ఎంతని ఇంగ్లీషులో అడిగారు. నా పక్క బల్ల మీది పాప మూతలు ఒక్కొక్కటే జరుపుతూ పెదవులు కదిపింది: రిమ్వె, కబిరి, గతాతు... చివరికి లేచి నిలబడి “ఇలెవెన్” అంది.

గంట కొట్టాక టీచరమ్మ తన నోటుపుస్తకం చూపించారు. ఇంగ్లీషు మాటల పక్కన వాటిని పలికే తీరు, కిన్యర్వాండా అక్షరక్రమంలో, పెన్సిలుతో. నా గొంతు పూడుకుపోయింది. మన బడులు ఇంగ్లీషు మాధ్యమానికి మారిన కొత్తల్లో ఒక మాస్టారి పుస్తకంలో ‘డినామినేటర్’ అని తెలుగులో రాసి ఉండటం చూశాను.

“పిల్లలు కిన్యర్వాండాలో లెక్కపెడుతుంటే మీరు ఆపలేదే?” అని అడిగాను.

“ఎందుకు ఆపాలి? లెక్క జరుగుతున్నది అందులోనే కదా” అన్నారు.

మూడో రోజు నా పత్రానికి పదిహేను నిమిషాలు ఇచ్చారు. తీసుకెళ్లిన స్లైడ్లలో సగం వదిలేసి ఆ పాప గురించే చెప్పాను. శిక్షణ కళాశాలల్లో మనం భాషా బోధన ఒక గంటలో, గణిత బోధన ఇంకో గంటలో చెప్పి ఊరుకుంటున్నాం. ఇంటి భాషలో చేసిన లెక్కను బడి భాషలోకి ఎలా దాటించాలో చెప్పే గంట మాత్రం లేదు. మాధ్యమం ఏదో నిర్ణయించేది మనం కాదు. ఈ దాటించడం నేర్పవలసింది మాత్రం మనమే.

తిరిగొచ్చాక ఛాత్రోపాధ్యాయులతో బియ్యం సంచులు తెప్పించాను. మన సంచుల మీద అచ్చు ఉంటుంది కనుక తిరగేసి కుట్టించాం. మొదటి సంచి మీద ఒకమ్మాయి మూడు బై నాలుగు వేసి, ఒక పక్క లవం, హారం అని, రెండో పక్క న్యూమరేటర్, డినామినేటర్ అని రాసింది.