ఎం3 అయిపోయింది, ఆర్32 వెనక ఫెండరే లొంగట్లేదు

రెండు మోడల్ కార్ల కిట్లకి రంగు వేస్తున్నా. బీఎండబ్ల్యూ ఎం3 ఎరుపు మొదటిసారికే కుదిరింది. కింద గులాబీ ప్రైమర్ (అడుగు పూత), పైన రంగులేని క్లియర్ పూత, అంతే. ప్రాణం తీస్తున్నది ఆర్32, అంటే నిస్సాన్ స్కైలైన్ వెనక ఫెండరే (చక్రం పైన ఉండే బాడీ భాగం).

రెండూ 1/24 స్కేల్, అంటే అసలు కారులో 24వ వంతు. టామియా వాళ్ల ఆర్32 జీటీ-ఆర్, ఫుజిమి వాళ్ల ఈ30 ఎం3. అసలు కార్లు రెండూ గ్రూప్ ఎ రేసుల (జనానికి అమ్మే కార్ల ఆధారంగా చేసినవాటి పోటీలు) కోసమే పుట్టాయి. నిస్సాన్ ఇంజన్ 2,568 సీసీ ఎందుకో తెలుసుగా? ఆ రేసుల లెక్క ప్రకారం టర్బో ఇంజన్ సీసీని 1.7తో హెచ్చవేస్తే 4,500 సీసీ తరగతి లోపలే ఉంటుంది. బీఎండబ్ల్యూ టర్బో జోలికే పోకుండా 2,302 సీసీ నాలుగు సిలిండర్లతో సరిపెట్టింది. ఎం3 వెనక అద్దం వాలు కూడా మార్చారు, స్పాయిలర్‌కి గాలి బాగా తగలాలని.

స్కేల్లో ఆర్32 వెడల్పు 73 మి.మీ., ఎం3 70. అయినా పక్కపక్కన పెడితే ఎం3యే భుజాలు విరుచుకుని నిలబడినట్టుంటుంది. దాని ఫెండర్లు పెట్టెలా తెగ్గొట్టినట్టుంటాయి, అంచు దగ్గర స్ప్రే ఆపేయొచ్చు. ఆర్32లో తలుపు నుంచి ఫెండర్ దాకా ఒకటే వంపు. ఎక్కడ ఆపాలో తెలీదు. నా తలనొప్పంతా అక్కడే.

ఆర్32కి గన్ గ్రే మెటాలిక్ (సన్నని లోహపు రేకులు కలిసిన పెయింటు) వేస్తే బానెట్, తలుపులు శుభ్రంగా వచ్చాయి. వెనక పక్క అద్దం కింద మాత్రం 6 మి.మీ. వెడల్పున నల్లటి చార. ఎదురుగా చూస్తే కనబడదు, ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుంటే కొట్టొచ్చినట్టుంటుంది. ఎయిర్‌బ్రష్‌కి (గాలితో పెయింటు చిమ్మే పరికరం) 0.3 నాజిల్, గాలి ఒత్తిడి 20 పీఎస్ఐ, పెయింటుకి రెట్టింపు థిన్నర్, దూరం 8 సెం.మీ. విశాఖలో ఆ రోజు గాలిలో తేమ 82 శాతం. ముందు తేమనే అనుమానించాను. ఏసీ గదిలో 55 శాతానికి దిగాక వేసినా చార అక్కడే ఉంది. తేమే కారణమైతే రంగు పాలిపోవాలి, ఇలా నల్లబడదు.

2000 నంబర్ వాటర్ పేపర్‌తో దించేసి, ప్లాస్టిక్ చెంచాల వీపు మీద పరీక్షించాను. తడిగా వేసినవాటిలో రేకులు పల్లానికి జారి చార కట్టాయి. థిన్నర్ సమానానికి తగ్గించి, 14 పీఎస్ఐతో 15 సెం.మీ. నుంచి పొడిపొడిగా దులిపినట్టు వేస్తే చార లేదు. నా థిన్నర్‌లో రిటార్డర్ (పెయింటు నెమ్మదిగా ఆరేలా చేసేది) ఉంది. పెయింటు ఆరేలోపు రేకులకి జారే టైమ్ దొరుకుతోందని నా అనుమానం. నిగనిగలాడే రంగులకి రిటార్డర్ వరమే, మెటాలిక్‌కి మాత్రం వద్దంటాను.

చెంచా మీద పోయిన చార బాడీ మీద సగమే పోయింది. స్టాండ్ మీద ఉన్నప్పుడు ఆ మూలకి ఎయిర్‌బ్రష్ నిటారుగా రాదు, ఏటవాలుగానే తగులుతుంది. ఈసారి బాడీని పక్కకి పడుకోబెట్టి, కింద నిగనిగలాడే నలుపు వేసి చూస్తా.

ఈలోగా ఎం3 బీబీఎస్ చక్రాల ఊచల మధ్య నలుపు వాష్ (బాగా పలచన చేసిన పెయింటు) పట్టించాలి. గ్రూప్ ఎ వరసలో ఫోర్డ్ సియెర్రా ఆర్ఎస్500 కూడా ఉండాలనిపిస్తోంది, కిట్ ధర చూస్తేనే చెయ్యి వెనక్కి వస్తోంది. కొంటే తెలుపే వేస్తా. ఇక మెటాలిక్ జోలికి ఇప్పట్లో పోను.